నూటికెందరు? ఢిల్లీ సీరం సర్వేలు నేర్పిన లెక్కల పాఠము

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కరలేదు, ఒక్క మెతుకు చాలునని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాటలో రెండు సత్యములు ఇమిడియున్నవి. కొద్ది భాగమును పరీక్షించి మొత్తమును గూర్చి చెప్పవచ్చుననునది మొదటిది. మంట కుండకంతటికి సమముగా తగిలినప్పుడే ఆ మెతుకు సాక్ష్యము చెల్లుననునది రెండవది. ఒక నగరములో నూటికి ఎందరికి వ్యాధి సోకినదో ఆరోగ్యశాఖవారు లెక్కకట్టునపుడు చేయుపని ఇట్టిదే. అయితే కోటిన్నరకు మించిన జనముగల మహానగరము కుండవంటిది కాదు. ఒక పేటలో ఉడుకు ఎక్కువ, మరియొక పేటలో తక్కువ. కనుక అచ్చట ఒక్క మెతుకు చాలదు. ఎన్ని మెతుకులు తీయవలెను, ఎచ్చటెచ్చట తీయవలెను, వాటిని బట్టి ఎంతవరకు చెప్పవచ్చును, ఎచ్చట ఆగిపోవలెను అను ప్రశ్నలకు సమాధానము చెప్పునదే గణాంకశాస్త్రము. 2020, 2021 సంవత్సరములలో ఢిల్లీలో జరిగిన సీరం సర్వేలు ఈ శాస్త్రమును సామాన్యులకు సైతము బోధపరచగల చక్కని ఉదాహరణములు.

లక్షయా? నలుబది లక్షలా?

2020 జూలై మొదటి వారములో ఢిల్లీలో కోవిడ్ సోకినట్లు నిర్ధారణయైనవారి సంఖ్య లక్ష దాటినది. అది పరీక్ష చేయించుకొనినవారి లెక్క మాత్రమే. జ్వరము గాని దగ్గు గాని లేకుండ, తమకు తెలియకయే వ్యాధి సోకి తెలియకయే తగ్గిపోయినవారు ఆ లెక్కలో లేరు. వారెందరో తెలియనిదే ఆసుపత్రులలో ఎన్ని పడకలు సిద్ధము చేయవలెనో, ఎంత జాగ్రత్త అవసరమో నిర్ణయించుట కష్టము.

ఈ సంగతి తెలిసికొనుటకై జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రమువారు ఢిల్లీ ప్రభుత్వ సహకారముతో 2020 జూన్ 27 నుండి జూలై 10 వరకు ఒక సర్వే జరిపిరి. ఢిల్లీలోని 11 జిల్లాలలోను బృందములు తిరిగినవి. ఎంపికైనవారి నుండి వ్రాతపూర్వకమైన అంగీకారము పొంది రక్తము సేకరించిరి. ఆ రక్తపు సీరములో ఐజిజి అను ప్రతిరక్షకములు, అనగా యాంటీబాడీలు, ఉన్నవో లేవో కోవిడ్ కవచ్ ఎలీసా పరీక్షతో చూచిరి. యాంటీబాడీలు ఉన్నచో ఆ మనిషికి వ్యాధి లోగడ సోకియుండెనని అప్పుడు భావించిరి. మొత్తము 21,387 నమూనాలు పరీక్షింపబడినవి. సగటున నూటికి 23.48 మందిలో యాంటీబాడీలు ఉన్నట్లు 2020 జూలై 21న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రకటించినది.

2011 జనాభా లెక్కల ప్రకారము ఢిల్లీ జనసంఖ్య 1,67,87,941. ఆ సంఖ్యకు ఈ శాతమును అన్వయించినచో 39 లక్షలకు పైగా ప్రజలకు వ్యాధి సోకినట్లగును. నిర్ధారణయైన రోగులు లక్షకు కొంచెము పైన మాత్రమే. ఇంతటి అంతరమును బయటపెట్టినది ఇరువది యొక్క వేల పైచిలుకు నమూనాలేనని గ్రహించిన యెడల, నమూనా పరీక్షకు గల శక్తి ఎట్టిదో తెలియును.

ఒకే సంఖ్యను ఇద్దరు రెండు విధములుగ చదువవచ్చును. నగరములో నాలుగవవంతు గండము గడచినదని ఒకరు ఊరట చెందవచ్చును. ఇంకను నాలుగింట మూడువంతుల మందికి వ్యాధి సోకగల అవకాశమున్నదని మరియొకరు జాగ్రత్త పడవచ్చును. జనాభాలో అధికభాగమునకు ముప్పు తొలగలేదని, మాస్కు, భౌతిక దూరము, చేతుల శుభ్రత తప్పనిసరియని మంత్రిత్వ శాఖ అప్పుడు హెచ్చరించినది. ఆ హెచ్చరిక తగినదేనని కొద్ది మాసములలోనే తేలినది. 2020 నవంబరు 11న ఢిల్లీలో ఒక్కరోజుననే 8,593 కొత్త కేసులు నమోదైనవి.

ఒక సంఖ్య కాదు, ఒక అంతరము

23.48 అనునది పరీక్షకు వచ్చిన 21,387 మందిలో కనబడిన అనుపాతము. నగరవాసులందరిని పరీక్షించియుండిన యెడల వచ్చెడి నిజమైన అనుపాతము కొంచెము హెచ్చో తగ్గో ఉండవచ్చును. అదేరోజు అదేపద్ధతిలో వేరొక 21,387 మందిని ఎన్నుకొని యుండినచో ఫలితము మరికొంత వేరుగ వచ్చియుండును. ఈ ఊగిసలాట ఎంతయుండునో లెక్కింపవచ్చును. దానినే ప్రామాణిక దోషమందురు. దోషమన్నను ఇది ఎవరి తప్పును కాదు. నమూనా తీయుటలో సహజముగ ఉండు చాంచల్యము మాత్రమే.

లెక్కించు విధము సులభము. అనుపాతమును, ఒకటిలోనుండి ఆ అనుపాతము తీసివేయగా మిగిలినదానితో గుణించవలెను. వచ్చినదానిని నమూనాల సంఖ్యతో భాగించి వర్గమూలము కట్టవలెను. ఇచ్చట 0.2348 ను 0.7652 తో గుణించి, 21,387 తో భాగించి, వర్గమూలము తీసినచో సుమారు 0.0029 వచ్చును. అనగా నూటికి 0.29. దీనిని 1.96 తో గుణించిన 0.57 అగును. దానిని 23.48 నుండి ఒకమారు తీసివేసి, ఒకమారు కలిపినచో 22.91 నుండి 24.05 వరకు ఒక అంతరము ఏర్పడును. దీనినే నూటికి తొంబదియైదు పాళ్ళ విశ్వాస్యతాంతరమందురు.

అంతరము చూచుటకు ఇరుకుగ ఉన్నది. కాని మనుష్యులలోనికి మార్చి చూడుడు. 2011 జనసంఖ్యపై అది సుమారు 38 లక్షల 46 వేల నుండి 40 లక్షల 37 వేల వరకు విస్తరించియున్నది. రెండు కొనలకు నడుమ సుమారు లక్షా తొంబదియొక్క వేల మంది ఉన్నారు. దశాంశ బిందువు తరువాతి రెండంకెలు చూచి సంఖ్య అంతటి ఖచ్చితమైనదని భ్రమపడరాదు.

ఇంకొక మాట కలదు. పై లెక్క ప్రతి మనిషిని విడివిడిగ చీటీ తీసి ఎన్నుకొన్నప్పుడు చెల్లును. ఢిల్లీ సర్వేలో బహుదశల ఎంపిక జరిగినది. అనగా మొదట ప్రాంతములను, పిమ్మట వాటిలోని మనుష్యులను అంచెలంచెలుగ ఎన్నుకొనిరి. ఒక ఇంటివారు, ఒక వీధివారు వ్యాధి విషయములో ఒకరినొకరు పోలియుందురు. ఒక ఇంటినుండి నలుగురిని పరీక్షించిన యెడల నాలుగు వేరువేరు ఇండ్లవారిని పరీక్షించినంత సమాచారము రాదు. ఈ కారణమున చాంచల్యము రెట్టింపైనదనుకొన్నచో 0.57 అనునది 0.80 అగును. కనుక సామాన్య సూత్రము చెప్పు అంతరమును కనీసపు హద్దుగ ఎంచవలెను గాని తుది మాటగ ఎంచరాదు.

తొంబదియైదు అనగా ఏమి?

నిజమైన అనుపాతము ఈ అంతరములోనే యుండుటకు నూటికి 95 పాళ్ళు అవకాశమున్నదని పలువురు చెప్పుదురు. ఇది సరియైన మాట కాదు. తిరునాళ్ళలో కంకణములు విసరు ఆటను తలచుకొనుడు. గెలువవలసిన వస్తువు బల్లపై కదలక ఒకేచోట నుండును. మారునది విసరిన కంకణము పడుచోటు. నగరములోని నిజమైన అనుపాతము ఆ వస్తువువలె స్థిరమైనది. ప్రతి సర్వే ఒక కంకణము. ఒకే పద్ధతిలో నూరు సర్వేలు జరిపి నూరు అంతరములు కట్టినచో, వాటిలో సుమారు 95 అంతరములు ఆ సత్యమును చుట్టుకొని పడును. అయిదు తప్పిపోవును. చేతనున్న ఒక్క అంతరము ఆ తొంబదియైదింటిలోనిదో, ఆ అయిదింటిలోనిదో ఎవరును చెప్పజాలరు. నమ్మకము పద్ధతిపై ఉంచదగినది. ఈ సిద్ధాంతమును 1937లో జెర్జీ నేమన్ పూర్తిగ ప్రతిపాదించెను. మన దేశములో ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించిన భారతీయ గణాంక సంస్థ నమూనా సర్వేలకు పుట్టినిల్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు (1920–2023) ఆ సంస్థలోనే ప్రపంచఖ్యాతి గాంచిరి.

ఎందరిని పరీక్షించవలెను?

2020 మే, జూన్ మాసములలో భారత వైద్య పరిశోధనా మండలివారు జరిపిన మొదటి జాతీయ సీరం సర్వేలో 21 రాష్ట్రములలోని 70 జిల్లాలనుండి జిల్లాకు 400 మంది చొప్పున 28,000 మంది పెద్దలను ఎన్నుకొనిరి. ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా, నెల్లూరు, విజయనగరము జిల్లాలు, తెలంగాణలో జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలు అందు చేరియున్నవి. దేశమంతటికిని 0.73 శాతము అనుపాతము తేలినది. దాని విశ్వాస్యతాంతరము 0.34 నుండి 1.13 వరకు.

ఢిల్లీలోవలె 23 శాతము వ్యాప్తిగల చోట 400 మందిని మాత్రమే పరీక్షించిన, ఇరుప్రక్కల నూటికి నాలుగు పాళ్ళకు పైగా ఊగిసలాట యుండును. నమూనాలను నాలుగు రెట్లు చేసిన యెడల ఊగిసలాట సగము తగ్గును. దానిని మరల సగము చేయవలెనన్న మరల నాలుగు రెట్లు కావలెను. ఖచ్చితత్వమునకు ఖర్చు ఈ విధముగ పెరుగును.

వ్యాప్తి మిక్కిలి తక్కువగ ఉన్నపుడు పై సూత్రమే పనికిరాదు. 0.73 శాతమన్న 400 మందిలో సగటున ముగ్గురే. ఉన్నవారు, లేనివారు రెండు పక్షములలోను కనీసము పదేసి మందియైన లేనిచో 1.96 తో కట్టిన అంతరమును నమ్మరాదు. 400 మందిలో ఒక్కరికిని యాంటీబాడీలు కనబడకపోయినచో ఆ జిల్లాలో వ్యాధి లేదని చెప్పరాదు. మూడును 400 తో భాగించవలెను. నూటికి 0.75 వరకు వ్యాప్తి యుండియు అది నమూనాకు చిక్కకపోయి యుండవచ్చును. ఆరోగ్య కార్యకర్తలు జ్ఞాపకముంచుకొనదగిన చిన్న సూత్రమిది.

తేడా నిజమా? యాదృచ్ఛికమా?

2020 ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు మాసములలో మౌలానా ఆజాద్ వైద్య కళాశాల నిపుణుల ఆధ్వర్యమున ఢిల్లీలో మూడు విడతల సర్వే జరిగినది. ఆగస్టులో 15,046 మందిలో 4,267 మందికి, సెప్టెంబరులో 17,409 మందిలో 4,311 మందికి, అక్టోబరులో 15,015 మందిలో 3,829 మందికి యాంటీబాడీలు కనబడినవి. నూటికి వరుసగా 28.36, 24.76, 25.50. తగిన సవరణలు చేసిన పిదప పరిశోధకులు ప్రకటించిన శాతములు 28.39, 24.08, 24.71.

ఈ హెచ్చుతగ్గులు నగరములో జరిగిన మార్పువలన వచ్చినవా, లేక నమూనాల చాంచల్యము వలననే వచ్చినవా? దీనికి జవాబు చెప్పు పద్ధతిని పరికల్పనా పరీక్ష యందురు. మొదట రెండు మాసముల నడుమ నిజమైన తేడా ఏమియు లేదని అనుకొనవలెను. ఇది శూన్య పరికల్పన. పిమ్మట, అట్లే అయినచో ఇంతటి తేడా యాదృచ్ఛికముగ కనబడుట ఎంత అరుదో లెక్కింపవలెను. మిక్కిలి అరుదైనచో శూన్య పరికల్పనను విడిచిపెట్టవలెను. నూటికి అయిదుసార్లకంటె అరుదైనచో విడుచుట వాడుకలోనున్న హద్దు.

సెప్టెంబరు, అక్టోబరులను పోల్చుదము. తేడా నూటికి 0.74. రెండు మాసములను కలిపి లెక్కించిన ఉమ్మడి అనుపాతము 25.1 శాతము. దానినిబట్టి తేడా యొక్క ప్రామాణిక దోషము 0.48. తేడాను దోషముతో భాగించిన సుమారు 1.53 వచ్చును. ఇది 1.96 కంటె తక్కువ. నిజమైన మార్పేమియు లేకున్నను ఇంతటి తేడా, లేక ఇంతకు మించినది, నూటికి సుమారు 13 సార్లు కనబడగలదు. కనుక అక్టోబరులో వ్యాప్తి పెరిగినదని ఈ సంఖ్యలను బట్టి చెప్ప వీలులేదు. అట్లని పెరుగలేదని రుజువైనట్లును కాదు. నేరము రుజువు కాలేదనుట వేరు, నిర్దోషియని నిరూపించుట వేరు.

ఇక ఆగస్టు, సెప్టెంబరులు. తేడా నూటికి 3.60, ప్రామాణిక దోషము 0.49. భాగించగ వచ్చునది 7.33. యాదృచ్ఛికముగ ఇట్టి తేడా కోటికి ఒక్కసారియు రాదు. బహుదశల ఎంపికవలన చాంచల్యము రెట్టింపైనదనుకొన్నను ఈ విలువ అయిదుకు పైననే యుండును. కనుక ఇది నమూనా చాంచల్యము మాత్రమే కాదు.

పరీక్ష చెప్పనిది

అయినచో సెప్టెంబరులో వ్యాధి సోకినవారు తగ్గిరా? ఒకసారి సోకినవాడు సోకనివాడు కాజాలడు. అట్టివారి మొత్తము నెలనెలకు పెరుగునే గాని తరుగదు. మరి శాతము ఏల తగ్గెను? కొందరిలో యాంటీబాడీలు కాలక్రమమున క్షీణించి పరీక్షకు అందకపోయి యుండవచ్చును. రెండు విడతలలో ఎంపికైన ప్రాంతములలోను మనుష్యులలోను భేదముండవచ్చును. తేడా యాదృచ్ఛికము కాదని మాత్రమే పరీక్ష చెప్పినది. అందుకు కారణమేమో అది చెప్పలేదు. కారణమును వైద్యశాస్త్రమును, సర్వే జరిగిన తీరును చూచి వెదకవలెను. తగ్గిన శాతమును చూచి వ్యాధి తగ్గుముఖము పట్టినదని తలచువాడు లెక్కలో తప్పక, అర్థములో తప్పును.

రక్తపరీక్షయే తప్పు చెప్పినచో విశ్వాస్యతాంతరము దానిని సరిదిద్దజాలదు. వ్యాధి సోకని నూరుమందిలో ఇద్దరిని సోకినవారుగ చూపు పరీక్షను తలచుకొనుడు. నూటికి 23 మంది ఉన్నచోట ఆ ఇద్దరి ప్రభావము కొద్దిపాటిది. నూటికి ఒక్కడైన లేనిచోట ఆ ఇద్దరే లెక్కను ముంచివేయుదురు. ఈ కారణముననే మొదటి జాతీయ సర్వేలో ఒక పరీక్షకు రెండవ పరీక్షను తోడుచేసిరి. నమూనాలు ఎన్ని పెంచినను చాంచల్యము తగ్గునే గాని ఇట్టి దోషము తగ్గదు. తప్పు తక్కెడతో వేయిమార్లు తూచినను తూకము ఒప్పుకాదు.

పోలికలు పెరిగినకొలది మోసపోవు అవకాశమును పెరుగును. ఢిల్లీలోని నాటి 11 జిల్లాలను రెండేసి చొప్పున పోల్చిన 55 పోలికలగును. ఏ జిల్లాకును మరియొక జిల్లాకును నిజముగ తేడా లేకున్నను, నూటికి అయిదు హద్దుగ పెట్టుకొన్నచో, సగటున రెండు మూడు జతలు తేడా ఉన్నట్లు కనబడును. వాటినే ఏరి ప్రకటించుట ప్రజలను పెడదారి పట్టించుటయగును.

ఇరుకైన అంతరము, విశాలమైన ముప్పు

2021 జనవరిలో ఢిల్లీలో సుమారు 28,000 నమూనాలతో మరియొక సర్వే జరిగినది. నూటికి 56.13 మందిలో యాంటీబాడీలు కనబడినవి. సామాన్య సూత్రము ప్రకారము దీని ఊగిసలాట ఇరుప్రక్కల 0.58 మాత్రమే. సగముకంటె ఎక్కువమందికి సోకినదనుటలో సందేహములేదు. అయినను జిల్లాలవారీగ చూచిన ఉత్తర ఢిల్లీలో 49.09, ఆగ్నేయ ఢిల్లీలో 62.18 శాతములు తేలినవి. నగరపు సగటు ఏ ఒక్క పేటకును జామీను కాదు.

గండము గడచినదని అనేకులు తలచిరి. ఏప్రిల్ మాసములో డెల్టా రకము విజృంభించినది. 2021 ఏప్రిల్ 20న ఒక్కరోజుననే ఢిల్లీలో 28,395 కొత్త కేసులు నమోదైనవి. ఆసుపత్రులలో పడకలు చాలలేదు, ఆక్సిజన్ కొరత ఏర్పడినది. జనవరి లెక్క తప్పు కాదు. అది ఆ ప్రశ్నకు జవాబు కాదు. గడచిన దినములలో ఎందరికి సోకినదో ఆ శాతము చెప్పినది. రాబోవు కొత్తరకము ఎంత వేగముగ వ్యాపించునో, లోగడ సోకినవారిని మరల ముట్టునో ముట్టదో అది చెప్పలేదు. అంతరము ఎంత ఇరుకైనను, అది అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పును.

స్థలము విషయములోను ఈ జాగ్రత్త అవసరము. ఈ సర్వేలు ఢిల్లీ జాతీయ రాజధాని భూభాగమునకు సంబంధించినవి. నోయిడా, ఘాజియాబాద్, గురుగ్రామ్, ఫరీదాబాద్ నగరములు వేరు రాష్ట్రములలోనివి. ప్రతిదినము లక్షలాది జనులు సరిహద్దు దాటి వచ్చిపోవుచున్నను, ఢిల్లీ శాతమును ఆ నగరములకు అంటగట్టరాదు. నమూనా ఎచ్చటిదో తీర్పు అచ్చటికే చెల్లును.

పాఠకులు అడుగవలసిన ప్రశ్నలు

ఆరోగ్యమును గూర్చిన శాతము పత్రికలో గాని రేడియోలో గాని ప్రకటనలో గాని కనబడినపుడు, వినబడినపుడు ఈ ప్రశ్నలు వేసికొనవలెను.

1. ఎందరిని పరీక్షించిరి? వారిని ఎట్లు ఎన్నుకొనిరి?
2. శాతముతోపాటు విశ్వాస్యతాంతరము చెప్పిరా? దాని రెండు కొనలలో ఏది నిజమైనను మనము చేయదలచిన పని సరియైనదేనా?
3. రెండు శాతములలో తేడా ఉన్నదన్నచో, అది యాదృచ్ఛికముగ రాగలంతటిదా? ఎన్ని పోలికలు చేసి దీనిని ఏరిరి?
4. పరీక్ష ఎంతవరకు నమ్మదగినది? ఉన్నదానిని లేదనుట, లేనిదానిని ఉన్నదనుట ఎంతమాత్రము?
5. ఆ శాతము ఏ స్థలమునకు, ఏ కాలమునకు, ఏ ప్రశ్నకు సంబంధించినది?

ఇంటింటికి వచ్చి రక్తమిమ్మని కోరు కార్యకర్తను కాదని తలుపు వేసికొనక, అంగీకరించి సహకరించుట పౌరుల వంతు. ఎంపికైనవారిలో కొందరు నిరాకరించిన కొలది, మిగిలినవారి సాక్ష్యము నగరమునకంతటికి చెల్లుట కష్టమగును. రక్తమిచ్చిన 21,387 మంది తమ ఒక్కరి సంగతి మాత్రమే కాక, కోటిన్నరకు మించిన తోటి జనుల సంగతి తెలిపిరి. అట్లు లభించిన సంఖ్యను ఉన్నదానికంటె పెద్దది చేయక, చిన్నది చేయక, దాని హద్దులతో సహా ప్రజల ముందుంచుట ప్రకటించువారి వంతు. ఆ హద్దులను గమనించి, ఊరట మాట విన్నపుడును జాగ్రత్త విడువకుండుట చదువరుల వంతు.